తోటలో కోళ్లు, ఇంట్లో పిట్టలు: సందేహాలు - సమాధానాలు

సంక్రాంతి తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు నుంచి వచ్చినవే. మామిడి తోటలున్న ఇంట్లో పది కోళ్లయినా తిరగడం ఆ ప్రాంతంలో మామూలే కాబట్టి ప్రశ్నలు కూడా తోటల చుట్టూనే తిరిగాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, పొడుగైనవాటిని కుదించి జవాబిస్తున్నాను. దాదాపు అందరూ చివర్లో "ఏ మందు వాడమంటారు?" అని అడిగారు. చాలామందికి నేను చెప్పబోయేది మందు పేరు కాదు, గూడు గురించి. తడి, ఇరుకు, గాలి ఆడకపోవడం అనే మూడింటినీ అలాగే ఉంచి మందులు పోస్తే డబ్బు పోతుంది, కోళ్లూ పోతాయి.

ప్రశ్న: మాకు నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది. యాభై దాకా నాటుకోళ్లున్నాయి. పొద్దుగూకితే చెట్లెక్కి పడుకుంటాయి. అడవిపిల్లి, ముంగిస కలిసి మందను సగం చేసేలా ఉన్నాయి. తక్కువ ఖర్చులో గూడు ఎలా కట్టుకోవాలి?
- ఒక రైతు, ముసునూరు మండలం

జవాబు: చెట్టు మీద పడుకునే కోడికి అడవిపిల్లి ఒక్కటే శత్రువు కాదు. పాత మామిడి చెట్టు బెరడు పగుళ్లలో కోళ్ల పిడుదులు పగలంతా దాక్కుని, రాత్రి దిగి రక్తం తాగి, తెల్లారేసరికి మళ్లీ పగుళ్లలో దూరతాయి. పగలు కోడిని పట్టుకుని ఈకలు విప్పి చూస్తే ఒక్కటీ కనబడదు. కోడి మాత్రం తమ్మె పాలిపోయి, గుడ్లు మానేసి కూర్చుంటుంది. వీటివల్ల స్పైరోకీటోసిస్ అనే జ్వరం కూడా వస్తుంది. కాబట్టి రాత్రికి గూడు కావాలన్న మీ ఆలోచన అన్నివిధాలా సరైనదే.

పగలంతా తోటలో తిరిగే కోళ్లకు రాత్రి పడకకు ఒక్కోదానికి ఒకటి నుంచి ఒకటిన్నర చదరపు అడుగులు చాలు. యాభైకి పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు సరిపోతుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అలా కడితే ఎండ గోడలకు తగులుతుంది తప్ప లోపలికి నేరుగా దూరదు. మంచి గుబురు చెట్టును చూసుకుని దానికి తూర్పున పది పన్నెండు అడుగుల దూరంలో కట్టండి. మధ్యాహ్నం రెండు దాటాక ఆ చెట్టు నీడే కప్పు మీద పడుతుంది. చెట్టు కిందే కడితే మాత్రం వానాకాలం ఆకుల నుంచి చుక్కలు కారుతూ కప్పు ఆరదు. పైన వాలే కాకులు, గోరింకల రెట్ట కూడా గూటి మీదే పడుతుంది.

నేల చుట్టుపక్కల కంటే అడుగున్నర ఎత్తు ఉండాలి. మీ ఎర్రమట్టినే తడిపి దిమ్మిసా కొట్టి, పైన పలచగా సిమెంటు వేస్తే ఎలుకలు తవ్వలేవు. గోడ రెండడుగులే కట్టి, ఆపైన కప్పు దాకా ఇనుప వల బిగించండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. కంచెకు వాడే పెద్ద కన్నుల వల బిగిస్తే కుక్క ఆగుతుంది గానీ ముంగిస, పాము ఆగవు. కన్ను అర అంగుళానికి మించకూడదు. తలుపు కింద సందు కూడా అంతే. కప్పు అంచులు మూడడుగులు బయటకు రావాలి. లేకపోతే ఈదురువాన జల్లు నేరుగా పడక మీదకు కొడుతుంది. తాటాకు చల్లగా ఉంటుంది, కానీ మడతల్లో పిడుదులు చేరతాయి. తాటాకే వేసేటట్లయితే ఏడాదికోసారి మార్చండి. రేకు వేస్తే పైన తెల్లసున్నం పూయండి.

పడుకోవడానికి దండేలు తప్పకుండా పెట్టాలి. కోడికి ఎనిమిది అంగుళాల చొప్పున యాభైకి ముప్పైమూడు అడుగుల పైచిలుకు కావాలి. అంటే తొమ్మిదడుగుల కర్రలు నాలుగు. నాలుగూ ఒకే ఎత్తులో, అడుగు ఎడంతో ఉండాలి. ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా పెడితే పై దండెం కోసం రోజూ కొట్లాటే. రెండంగుళాల మందం కర్రను అంచులు గుండ్రంగా చెక్కించండి. వెదురు వాడితే దాని బొంగు చివర్లు మట్టితో గానీ సిమెంటుతో గానీ మూసేయండి, ఆ బొంగులోనే పేలు కాపురం పెడతాయి. కర్రలు గోడలో పాతకుండా తీసి పెట్టుకునేలా అమర్చితే నెలకోసారి బయటకు తెచ్చి మరిగే నీళ్లు పోసి ఎండబెట్టవచ్చు. పేలకు, పిడుదులకు దీన్ని మించిన పని లేదు. గుడ్ల గంపలు అయిదు పెట్టలకు ఒకటి చొప్పున, దండెం కంటే కిందగా పెట్టండి. పైన పెడితే రాత్రి వాటిలోనే పడుకుని రెట్ట వేస్తాయి.

నేల మీద మూడంగుళాల మందం వరి ఊక పరిచి, వారానికి రెండుసార్లు పారతో తిరగెయ్యండి. పిడికెడు ఊక తీసి గట్టిగా పిసికి వదలండి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు, పొడిపొడిగా రాలితే సరిగా ఉన్నట్టు. వంగి ముక్కు పెడితే కళ్లు మండాయంటే అది అమోనియా. మీరు క్షణంలో బయటకు వచ్చేస్తారు, కోడి ఆ గాలినే రాత్రంతా పీలుస్తుంది. తడిసిన ఊకను ఎత్తేసి, కాస్త పొడి సున్నం చల్లి, కొత్త ఊక వేయాలి.

చెట్లకు అలవాటు పడ్డ కోళ్లు కొత్త గూట్లోకి తమంతట తాము రావు. ఓ వారం పది రోజులు మేత, నీళ్లు లోపలే పెట్టి బయటకు వదలకండి. తర్వాత సాయంత్రం గింజలు గూట్లోనే చల్లుతుంటే పిలవకుండానే చేరతాయి.

ప్రశ్న: సంక్రాంతి వెళ్లిన వారం తర్వాత మా పుంజుల్లో రెండు తూగుతూ ఆకుపచ్చగా పారాయి. ఒకదాని మెడ తిరిగిపోయింది. ఇప్పుడు పెట్టలూ పోతున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసినా ఆగలేదు. ఇదేం తెగులు?
- ఒక పాఠకుడు, ఆగిరిపల్లి మండలం

జవాబు: మీరు రాసిన లక్షణాలు కొక్కెర తెగులువి. డాక్టర్లు రాణిఖేత్ అంటారు. 1927 ప్రాంతంలో మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో. అంతకు కొద్దిగా ముందే ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గరా, జావా దీవిలోనూ ఇదే జబ్బు కోళ్లను ఊడ్చేసింది. వందేళ్లయినా దీనికి మందు లేదు. ఇది వైరస్. మీరు వేసిన యాంటీబయాటిక్ దాన్ని తాకనైనా తాకదు. కానీ టీకా ఉంది, పనిచేస్తుంది, చాలా చవక. అందుకే ప్రతి ఏడాదీ ఈ ఉత్తరాలు చదువుతుంటే బాధగా ఉంటుంది.

సంక్రాంతి తర్వాతే ఎందుకు వస్తుందో చూడండి. వైరస్ లోపలికి చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా అయిదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది. పండగ మూడు రోజులూ జిల్లాలు దాటి వచ్చిన పుంజులు బరి దగ్గర ఒకే మట్టిని తొక్కుతాయి, ఒకే గుడ్డతో తుడిపించుకుంటాయి, ఒకే చెంబులో నీళ్లు తాగుతాయి. వాటిలో ఒక్కటి పైకి బాగానే కనబడుతూ లోపల వైరస్ మోస్తుంటే చాలు. కోడిపందేలు చట్టప్రకారం నేరమన్న సంగతి అలా ఉంచినా, కోళ్ల ఆరోగ్యం చూసేవాడిగా నేను కూడా వాటికి వ్యతిరేకినే. బరి నుంచి తిరిగొచ్చిన పుంజే కాదు, గెలిచి ఇంటికి తెచ్చిన చచ్చిన కోడి కూడా ఆ తెగులును మోసుకొస్తుంది. దాని ఈకలు, పేగులు పెరట్లో పారేస్తే మిగతా కోళ్లు వాటినే పొడుచుకుతింటాయి.

ఇప్పుడు చేయవలసింది: జబ్బు చేసినవాటిని వెంటనే వేరు చేయండి. బాగున్నవాటికి ముందు మేత, నీళ్లు పెట్టి, జబ్బువాటి దగ్గరకు చివర్లో వెళ్లండి, ముందు వాటిని ముట్టుకుని తర్వాత వీటి దగ్గరకు రాకండి. పోయినవాటిని కాలువలో గానీ తోట చివర గట్టు మీద గానీ పడేయకండి. నాలుగడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. పైన పడేసిన కోడికి పురుగు పడుతుంది. ఆ పురుగుల్ని తిన్న కోళ్లకు విషమెక్కి మెడ మెత్తగా వాలిపోతుంది. కొక్కెరలో మెడ మెలితిరుగుతుంది, దీనిలో గుడ్డముక్కలా వేలాడుతుంది. రెండూ ఒకే మందలో చూసి ఏం జరుగుతుందో అర్థంకాక రైతులు కంగారు పడుతుంటారు.

జబ్బు మొదలయ్యాక మిగిలినవాటిని సంతలో అమ్మేయడం చాలా ఊళ్లలో ఆనవాయితీ. దయచేసి ఆ పని చేయకండి. మీరు వంద రూపాయలు తక్కువకు అమ్మిన కోడి ఇంకో ఊళ్లో వంద ఇళ్ల కోళ్లను చంపుతుంది.

ఇక వచ్చే ఏడాదికి. పిల్లకు అయిదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా టీకా, కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క. నాలుగు వారాలప్పుడు మళ్లీ అదే. ఆరేడు వారాలకు రెక్క పొరలో మశూచి టీకా. ఎనిమిది వారాలు నిండాక ఆర్2బి, అర మిల్లీలీటరు, సూదితో. ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్‌లో తయారైన రకం ఇది, మన నాటుకోళ్లకు పెద్ద అండ. కానీ లసోటా వేయని చిన్నపిల్లలకూ, జబ్బుతో నీరసించినవాటికీ దీన్ని వేస్తే టీకాయే జబ్బు చేస్తుంది. వారం ముందు నట్టల మందు తాగించి, తర్వాత టీకా వేయించండి.

"మాకున్నవి పది కోళ్లే, టీకా సీసాలో వంద డోసులు వస్తాయి, మిగతావి వృథా" అని ఇంకో ముగ్గురు రాశారు. కలిపిన టీకా రెండు గంటలు దాటితే పనికిరాదన్నది నిజమే. అందుకే వీధి వీధంతా ఒకే రోజు పెట్టుకోవాలి. తెల్లవారుజామున, కోళ్లను గంపల కింద నుంచి వదలకముందే, ఐస్ డబ్బాలో టీకా పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఒక గంట పని. మీ రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకుడికి ముందుగా చెబితే ఏర్పాటు చేస్తారు. గన్నవరంలోని పశువైద్య కళాశాల మీకు దగ్గరే. కోళ్లు ఎందుకు పోతున్నాయో తేలకపోతే అప్పుడే పోయిన కోడిని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఐసు మీద పెట్టి తీసుకెళ్లండి. కోసి చూస్తే చాలా వరకు తెలిసిపోతుంది.

ప్రశ్న: పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టించాం. మర్నాడు చెట్ల కింద తిరిగిన కోళ్లలో ఎనిమిది పడిపోయాయి. తోటలో కోళ్లు పెంచడమే తప్పా?
- ఒక గృహిణి, చాట్రాయి మండలం

జవాబు: తప్పు కాదమ్మా. తోటకూ కోడికీ మంచి పొత్తు. పండు ఈగ పురుగు కాయలోంచి నేల మీద పడి, అంగుళం రెండంగుళాల లోతు మట్టిలో ప్యూపాగా మారుతుంది. కోడి కాళ్లతో గీరి ఏరుకుతినేది సరిగ్గా ఆ లోతునే. చెదలు, కలుపు గింజలు కూడా తగ్గుతాయి. చిక్కంతా పిచికారీ రోజుల్లోనే.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత మీద, తర్వాత పిందె మీద మందు కొడతారు. చెట్టు మీద నుంచి కారిన మందు గడ్డి మీదా, కింద పడిన పురుగుల మీదా, కోళ్ల నీళ్ల పళ్లెంలోనూ పడుతుంది. చొంగ కార్చుకుని, కాళ్లు పడిపోయి, రెక్కలు వేలాడేసి గిలగిల్లాడితే అది దాదాపు పురుగుమందు విషమే. వెంటనే డాక్టరుకు చూపిస్తే కొన్ని మందులకు విరుగుడు సూది ఉంది. ఏ మందు కొట్టారో సీసా వెంట తీసుకెళ్లండి, విరుగుడు దాన్నిబట్టే ఉంటుంది. పోయిన కోడిని ఎట్టి పరిస్థితిలోనూ వండుకోకండి.

పిచికారీ ముందురోజు సాయంత్రమే కోళ్లను గూట్లో మూసి, కనీసం పదిరోజులు తోటలోకి వదలకండి. సీసా మీద ఇంకా ఎక్కువ గడువు రాసి ఉంటే అదే పాటించండి. పక్క తోటవాళ్లు ఎప్పుడు కొడుతున్నారో కూడా అడిగి తెలుసుకోండి, గాలికి మీ వైపూ వస్తుంది. అందుకే గూటి పక్కన వలకట్టిన చిన్న దొడ్డి ఒకటి ఉండాలంటాను. అన్ని రోజులు గూట్లోనే కుక్కితే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. పండు ఈగకు వేలాడదీసే ఎర డబ్బాల్లోని చెక్కముక్కలకు పురుగుమందు పట్టించి ఉంటుంది. వాటిని కోడి ఎగిరి అందుకోలేనంత ఎత్తున కట్టండి. పాతవి మార్చినప్పుడు చెట్టు మొదట్లో పారేయకండి.

రాలిన రసాలు కోళ్లు తింటే ఫరవాలేదు, తాజావైతే. రెండు మూడు రోజులు ఎండలో పులిసి నురుగొచ్చిన పండ్లు తింటే కరుడు ఉబ్బి, నోట్లోంచి పులిసిన వాసన వస్తుంది. రోజూ ఏరి గోతిలో వేయించండి, పండు ఈగకూ అదే మందు.

ప్రశ్న: కోడిగుడ్లు రెట్టతో ఉంటే కడిగి దాచుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, నూజివీడు

జవాబు: కడగకండి. గుడ్డు పెంకు మీద సన్నని పొర ఒకటి సహజంగానే ఉండి, రంధ్రాలను మూసి ఉంచుతుంది. నీళ్లు తగిలితే అది పోయి, రెట్టలోని సూక్ష్మజీవులు తడితోపాటు లోపలికి దిగుతాయి. పొడి గుడ్డతో తుడిచి, వెడల్పు వైపు పైకి ఉండేలా పెట్టండి. మురికి గుడ్లు ఎక్కువగా వస్తుంటే గుడ్లగంపలో గడ్డి మార్చండి. పొదగేయడానికి ఉంచిన గుడ్లను వేసవిలో కుండలో తడి ఇసుక పోసి, మీద గుడ్డ పరిచి, దాని మీద పెట్టండి. అలా పెట్టినా వారం దాటనివ్వకండి.

ప్రశ్న: గత ఏడాది బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మా జిల్లా పేరు కూడా విన్నాం. మళ్లీ వస్తుందా? మా ఇంట్లో పిల్లలు కోళ్లతోనే ఆడతారు. భయంగా ఉంది.
- ఒక ఉపాధ్యాయిని, నూజివీడు

జవాబు: 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల్లో హెచ్5ఎన్1 తేలింది. తర్వాత మీ ఏలూరు జిల్లాలోనే ఉంగుటూరు మండలం బాదంపూడిలో, పక్కనే ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోనూ. చచ్చిన కోళ్ల నమూనాలను భోపాల్‌లోని ప్రత్యేక ప్రయోగశాలకు పంపి నిర్ధారించారు. జబ్బు తేలిన చోట చుట్టూ కిలోమీటరు లోపలి కోళ్లను తీసేసి పాతిపెట్టడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం పద్ధతి. మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. చలికాలంలో కొల్లేటికి, ఆటపాకకు దూరదేశాల పక్షులు వస్తాయి. ఆ నీళ్లలోనే మేసే బాతుల మందలు కోతలయ్యాక ఊరూరూ తిరుగుతాయి. బాతు పైకి ఆరోగ్యంగా ఉంటూనే వైరస్ మోయగలదు. బాతులను, కోళ్లను ఒకే గూట్లో ఉంచకండి. చెరువు నీళ్లు కాకుండా బోరు నీళ్లు పెట్టండి.

పిల్లల సంగతి. కోడి మాంసం, గుడ్డు బాగా ఉడికితే, అంటే ముక్క నడుమ దాకా 70 డిగ్రీల వేడి తగిలితే, వైరస్ చచ్చిపోతుంది. మనం వండే కూరలో వేడి అంతకు మించే ఉంటుంది. ప్రమాదం పచ్చి మాంసంతో, జబ్బు కోడితో. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఈ వైరస్ వల్లే మరణించింది. పచ్చి మాంసం ముక్క తిన్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. పిల్లలకు పచ్చి ముక్క రుచి చూపించే అలవాటు ఎక్కడున్నా మానిపించాలి. కోడిని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగించండి. నలతగా ఉన్న కోడి దగ్గరకు పిల్లల్ని అసలే వెళ్లనివ్వకండి.

ఒకటి రెండు రోజుల్లో కోళ్లు కుప్పలుగా పోతే, తమ్మెలు నల్లబడి తలలు వాస్తే, ఎవరికీ చెప్పకుండా పూడ్చకండి. 1962 నంబరుకు గానీ దగ్గరి పశువైద్యశాలకు గానీ చెప్పండి. ఇలాంటప్పుడు ప్రభుత్వం తీయించిన కోళ్లకే పరిహారం వస్తుంది, అంతకుముందే చచ్చినవాటికి రాదు. ముందుగా చెప్పినవాళ్లకే మేలు జరుగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి రెండు జతల లవ్ బర్డ్స్ కొన్నాం. వంటింటి కిటికీ దగ్గర పంజరం పెట్టాం. ఒకటి తుమ్ముతోంది. ఇంకో సంగతి, మా తాతగారి తోటలో చెట్టు తొర్రలోంచి రామచిలుక పిల్ల పడితే తెచ్చాం. దానికీ అదే మేత పెట్టవచ్చా?
- ఒక తల్లి, నూజివీడు

జవాబు: ముందు రామచిలుక. దాన్ని ఇంట్లో ఉంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పిల్ల బాగానే ఉంటే నిచ్చెన వేసి అదే తొర్రలో పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదన్నది నిజం కాదు. దెబ్బ తగిలి ఉంటే అటవీశాఖ వారికి అప్పగించండి. మామిడి కాయలు కొరుకుతాయని చిలకల మీద రైతుకు కోపం ఉండటం నాకు తెలుసు, అయినా పాత చెట్ల తొర్రలు తప్ప వాటికి వేరే ఇల్లు లేదు.

లవ్ బర్డ్స్ పేరుతో మీరు కొన్నవి బడ్జీలు. ఆస్ట్రేలియా నుంచి వచ్చి తరాలుగా పంజరాల్లోనే పెరుగుతున్న జాతి కాబట్టి పెంచుకోవచ్చు. కానీ పంజరాన్ని వంటింట్లోంచి ఈరోజే తీసేయండి. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి సంచులు కూడా ఉంటాయి, అది మనకంటే వేగంగా గాలిలోని విషాన్ని పీల్చేస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా విషవాయువు జాడ తెలియడానికి కానరీ పిట్టలను లోపలికి తీసుకెళ్లింది ఇందుకే. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మంట మీద మాడితే వచ్చే ఆవిరి మనకు వాసనైనా తెలియకముందే బడ్జీని చంపగలదు. తాలింపు పొగ, అగరుబత్తి, దోమల కాయిల్ కూడా దానికి పడవు.

వసారాలో, ఉదయపుటెండ కాసేపు తగిలేచోట, గోడకు ఒక వైపు ఆనించి పెట్టండి. నాలుగు వైపులా తెరిచి ఉంటే ఎటునుంచి ఏమొస్తుందోనని బెదురుతూనే ఉంటుంది. ఎత్తు కంటే పొడవు ముఖ్యం, బడ్జీ పైకి కాదు, అడ్డంగా ఎగురుతుంది. ఒక జతకు రెండున్నర అడుగుల పొడవు ఉండాలి, మీ రెండు జతలకు అంతకు బాగా మించాలి. ఊచల నడుమ సందు అర అంగుళం మించకూడదు. కొత్త గాల్వనైజ్డ్ వలకు అంటి ఉండే జింకు పొడిని పిట్టలు నాకి విషం ఎక్కించుకుంటాయి. వెనిగర్‌తో రుద్ది, కడిగి, ఎండబెట్టాకే వాడండి. నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసేసి, మందు కొట్టని జామ, వేప కొమ్మలు సన్నవీ లావువీ కలిపి పెట్టండి. ఒకే మందం కర్ర మీద ఎప్పుడూ నిలబడితే అరికాళ్లకు పుళ్లు పడతాయి. కొర్రలతో పాటు మునగాకు, తోటకూర, కొత్తిమీర కడిగి ఇవ్వండి. గింజలు ఒక్కటే తిన్న పిట్టకు కొవ్వు పట్టి కాలేయం చెడుతుంది. పచారీ కొట్లో దొరికే సముద్రపు నురుగు ముక్కను ఊచలకు కట్టండి, సున్నం అందుతుంది.

తుమ్మేదాన్ని వేరు చేసి డాక్టరుకు చూపించండి. చిలక జాతి పిట్టల రెట్ట ఎండి దుమ్మై ఎగిరితే సిటకోసిస్ అనే జబ్బు మనుషులకూ అంటుకుంటుంది. పొడిగా ఊడవకండి. పంజరం అడుగున కాగితం పరిచి రోజూ మార్చండి. ఎండిన రెట్ట ఉంటే నీళ్లు చల్లి, తడిశాక తుడవండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఇంట్లో ఎవరికైనా తగ్గని దగ్గు, జ్వరం ఉంటే పిట్టలు పెంచుతున్నామని డాక్టరుకు చెప్పండి. కొత్త పిట్టను కొంటే నెల రోజులు వేరే గదిలో ఉంచాకే పాతవాటితో కలపండి. ఈ నియమం కోళ్లకూ అంతే.

ప్రశ్న: మా ఇంటికి దగ్గర్లో గుడ్ల కోళ్ల ఫారం ఉంది. అన్నం తినలేనన్ని ఈగలు. ఏమైనా మార్గముందా?
- కొందరు గ్రామస్తులు, బాపులపాడు మండలం

జవాబు: ఎండాకాలంలో ఈగ గుడ్డు నుంచి ఈగ అవడానికి వారం పది రోజులే. అది పెరిగేది తడి పెంటలో మాత్రమే. పెంట ఆరితే పురుగు బతకదు. కాబట్టి ఫారం యజమాని చూడవలసింది కారే నిపుల్స్, పైపుల అతుకులు, షెడ్డు చుట్టూ నీరు నిలవడం. పెంట తీసేటప్పుడు అడుగున పొడి పొర కాస్త వదిలి తీస్తే, ఈగ గుడ్లను తినే పురుగులు అందులో మిగులుతాయి. వారానికోసారి మందు కొట్టడం కంటే ఇది నిలకడైన పని. నివాసాలకు 500 మీటర్ల దూరం పాటించాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. యజమానితో కూర్చుని మాట్లాడండి, వినకపోతే పంచాయతీకి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ పెంట తోటలకు మంచి ఎరువే. పచ్చిది మాత్రం వేర్లను మాడుస్తుంది. కుప్పపోసి కప్పి చివికాక, కాయ కోతలయ్యాక జూన్, జూలైలో వేయమనండి.

ప్రశ్న: మేలో మధ్యాహ్నం పూట కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతూ పడిపోతున్నాయి. ఒక్కరోజులో పదిహేను పోయాయి.
- ఒక యువరైతు, విస్సన్నపేట

జవాబు: కోడికి చెమట గ్రంథులు లేవు. రొప్పడమొక్కటే దాని దగ్గరున్న ఉపాయం. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. బయట 44 అయితే వేడి వదలడానికి చోటే ఉండదు. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో ఇంకా వేడి పుడుతుంది. అందుకే ఉదయం తొమ్మిది, పది లోపు మేత ఆపేసి, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాక పెట్టాలి. మధ్యాహ్నం నీళ్లు మాత్రమే. ఎండలో ఉన్న ట్యాంకు, నల్ల పైపు నీళ్లు కోడి ముట్టదు. నీడలో మట్టి పాత్రల్లో పోసి రెండు గంటలకోసారి మార్చండి. కప్పు మీద గడ్డి పరిచి తడపండి, ఎండ వైపు గోనెపట్టాలు కట్టి తడపండి. గాలి ఆడని గూట్లో మాత్రం నీళ్లు చల్లకండి, ఉక్క పెరిగి ఇంకా తొందరగా పోతాయి. పగటిపూట పట్టుకోవడం, టీకాలు, గంపల్లో తరలించడం అన్నీ మానేయండి. పడిపోయినదాన్ని నీడకు తెచ్చి, తల తప్ప ఒళ్లంతా చల్లటి నీళ్లలో ముంచి తీయండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ప్రశ్న: వానాకాలంలో నెల పిల్లలకు రక్తపు పారుడు పట్టి సగం పోయాయి. బ్లీచింగ్‌తో గూడు కడిగినా మళ్లీ వచ్చింది. తెలిసినవాళ్లు మేతలో వేయమని కోలిస్టిన్ పొడి ఇచ్చారు. వేయమంటారా?
- ఒక స్వయం సహాయక సంఘం సభ్యురాలు, రెడ్డిగూడెం మండలం

జవాబు: వేయకండి. తినే జంతువుల్లో కోలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. మనుషులకు మరే మందూ పనిచేయనప్పుడు ఆసుపత్రుల్లో చివరగా వాడేది అదే. కోళ్ల మేతలో వేస్తూ పోతే అదీ పనిచేయకుండా పోతుంది. పైగా ఇది ఆ జబ్బుకు మందే కాదు.

మీ పిల్లలకు వచ్చింది కాక్సిడియోసిస్. పెద్ద కోడి రెట్టలో పడే కంటికి కనబడని గుడ్లు తడి, వెచ్చదనం కలిస్తే ఒకటి రెండు రోజుల్లో జబ్బు కలిగించేలా తయారవుతాయి. బ్లీచింగ్ వాటినేమీ చేయలేదు. ఎండ, పొడి, మరిగే నీళ్లు చేస్తాయి. గూడు ఖాళీ చేసి, ఊకంతా ఎత్తి దూరంగా వేసి, గీకి, నేల మీద మరిగే నీళ్లు పోసి ఆరబెట్టండి. రెట్ట అలాగే ఉండగా పైన ఏ మందు చల్లినా లాభం లేదు. రెండు నెలలు నిండేదాకా పిల్లలను పెద్దకోళ్లకు దూరంగా, అర అంగుళం వల పరిచిన ఎత్తు గూట్లో పెంచితే రెట్ట కిందికి జారిపోతుంది, వాటి నోటికి అందదు. నీళ్ల పాత్రను కిందనే పెట్టకుండా ఇటుక మీద, పిల్ల వీపు ఎత్తులో ఉంచండి. గూట్లో తడి ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. ఇప్పుడు జబ్బుతో ఉన్నవాటికి ఆంప్రోలియం నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరు పిల్లల వయసు చూసి చెబుతారు. మందు నడుస్తున్నన్నాళ్లూ వేరే నీళ్లు అందకుండా చూడండి. వానాకాలంలో చూరు కింద గుంటలో నిలిచే నీళ్లు కూడా తాగేస్తాయి, ముందు ఆ గుంట పూడ్పించండి.